ఖాళీ ఫోటో

మా పెదనాన్న స్టూడియోలో ఫోటో తీయడం చిన్న పని, కడగడం పెద్ద పని. తీసేది పెదనాన్న, కడిగేది పెద్దమ్మ. నిజానికి ఫిల్ములు పోయాయి, ఇప్పుడు నీళ్ళూ లేవు, మందులూ లేవు. చీకటి గదిలో విరిగిన కుర్చీలు పెట్టారు. అయినా కంప్యూటర్ మీద మొహాల్లో మచ్చలూ మొటిమలూ తీసేయడాన్ని ఆ ఇంట్లో ఇంకా కడగడం అనే అంటారు. "పెళ్ళికూతుర్ని కడిగావా?" అని పెదనాన్న ముందు గదిలోంచి అరిస్తే, "మెడ దాకా అయ్యింది" అని పెద్దమ్మ వెనక గదిలోంచి జవాబిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కొంచెం కంగారు పడతారు.

పెద్దమ్మ చేతిలో పడ్డ మొహం మచ్చతో బయటికి రాదు. ఒకసారి ఎవరో పెద్దాయన పాస్‌పోర్టు ఫోటోలో చెంప మీది పుట్టుమచ్చ తీసేసింది. దాంతో ఆఫీసులో ఆయన్ని ఆయన కాదన్నారు. ఆయన వచ్చి గొడవ పెట్టుకుంటే, పెద్దమ్మ ఆయన్నీ ఫోటోనీ మార్చి మార్చి చూసి, "ఫోటోలోనే బాగున్నారు కదండీ" అంది.

పదో తరగతి అయ్యాక, చలికాలం మొదట్లో నన్ను ఇక్కడికి పంపారు. నలుగురూ వచ్చే చోట ఉంటే నలుగురితో మాట్లాడటం వస్తుందని అమ్మ ఆశ. మా ఊరి బడిలో నాకు మాట్లాడే అవసరం పెద్దగా రాలేదు. హాజరు పిలిచేటప్పుడు కూడా నా పక్క పిల్లే నా బదులు పలికేది. ఆ పిల్ల రాని రోజు నాకూ ఆబ్సెంటే పడేది.

స్టూడియోలో కూడా మాట్లాడకుండా గడిపే మార్గం దొరికింది. గడ్డం ఎత్తమని చెప్పడానికి నా గడ్డం ఎత్తేదాన్ని. నవ్వమని చెప్పడానికి నవ్వేదాన్ని. కళ్ళు మూయొద్దని చెప్పడం మాత్రం కష్టంగా ఉండేది. పెదనాన్న నన్ను "మాటల పుట్టా" అని పిలిచేవాడు. చెప్పాలనుకున్నవి డైరీలో రాసుకునేదాన్ని కాబట్టి నాకు లోటేమీ అనిపించలేదు.

ఒకరోజు బాగుకిచ్చిన పాత కెమెరా తిరిగి వచ్చింది. "ఏదో ఒకటి తీసి చూడమ్మా, ఫోకస్ సరిగ్గా పడుతోందో లేదో" అన్నాడు పెదనాన్న. ఏదో ఒకటి అంటే మనిషని ఆయన ఉద్దేశం. మనిషిని తీయాలంటే "కాస్త నిలబడతారా" అని అడగాలి. అందుకని నేను దొడ్డి తలుపు తీసుకుని వెనక స్థలంలోకి వెళ్ళాను.

వెనక స్థలంలో ఏమీ లేదు. ఎవరో ఇల్లు కడదామని పునాదులు తవ్వి, మనసు మార్చుకుని వెళ్ళిపోయారట. ఆ గోతుల్లో నీళ్ళు నిలిచాయి. చుట్టూ మోకాలెత్తు గడ్డి. అవతల కోల్డ్ స్టోరేజీ గోడ, దాని ముందు నుంచి కరెంటు తీగ. ఇల్లు తుడిచిన నీళ్ళు పెద్దమ్మ పారబోసేది అక్కడే.

ఒక గడ్డి కంకి మీద ఫోకస్ పెట్టాను. పడింది. దాని వెనక కంకి మీద పెట్టాను. పడింది. దాని వెనక ఇంకొకటి ఉంది. అలా చూసుకుంటూ పోతే గడ్డి అంతా ఒక రంగు కాదని తెలిసింది. మొదలు దగ్గర ఊదా, మధ్యలో పచ్చ, కొసన తేనె రంగు. గాలి వచ్చినప్పుడు మూడూ కలిసిపోయి, గాలి ఆగాక మళ్ళీ దేని చోటికి అది వచ్చేది. మా ఊళ్ళో ఇంతకంటే చాలా ఎక్కువ గడ్డి ఉంది. దాన్ని కోశాను, మోశాను, దాని మీద పడుకున్నాను. చూడటం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఫోకస్ బాగానే ఉందని ఆ రోజే తేలిపోయింది. అయినా రోజూ పొద్దున్నే వెళ్ళడం మొదలుపెట్టాను. "ఇంకా చూస్తున్నావా?" అని పెదనాన్న అడిగితే తల ఊపేదాన్ని.

ఒక పొద్దున పొగమంచు పట్టింది. కోల్డ్ స్టోరేజీ గోడ లేదు. కరెంటు తీగ సగం దాకా వచ్చి ఆగిపోయింది. గడ్డి కంకుల మధ్య సాలెగూళ్ళ మీద మంచు చేరి, ఎవరో చేతిరుమాళ్ళు ఆరేసి మర్చిపోయినట్టుంది. గోతిలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. పాచి లేని చోటల్లా ఆకాశం తెల్లగా ఉంది. తీగ మీద చిన్న పిట్టలు వరసగా కూర్చున్నాయి. మంచులో వాటికి ముక్కుల్లేవు, తోకల్లేవు, ఉత్త చుక్కలు. ఊపిరి బిగబట్టి నొక్కాను. చాలాసేపటికి గుర్తొచ్చి ఊపిరి వదిలాను.

పెదనాన్న ఆ ఫోటో చూసి, "మనిషేడమ్మా?" అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

"ఫోకస్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

ఫోటో దిగేవాళ్ళు కూర్చోకముందు లైటు చూసుకోవడానికి స్టూడియోలో ఉత్త కుర్చీని ఒకసారి ఫోటో తీస్తారు. దాన్ని ఖాళీ అంటారు. పెదనాన్న నా ఫోటోలన్నీ "ఖాళీలు" అనే ఫోల్డరులో ఉత్త కుర్చీల మధ్య వేశాడు. "తీసేయొచ్చుగానీ పిల్ల బాధపడుతుంది" అని పెద్దమ్మతో అనడం విన్నాను. నేనేమీ బాధపడలేదు. కుర్చీల ఫోటోలు కూడా చూశాను. కొన్ని బాగున్నాయి.

ఆ వారమే పళ్ళ డాక్టరు వచ్చాడు. ఆయన క్లినిక్ మా వీధి చివర ఉంది. వెయిటింగ్ రూములో గోడంత మంచుకొండ బొమ్మ పెదనాన్న వేయించి ఇచ్చిందే.

"ఆ మంచుకొండ తీసేయాలండీ" అన్నాడు డాక్టరు.

"ఏమైంది? రంగు పోయిందా?"

"రంగు బానే ఉంది. దాన్ని చూస్తే పేషెంట్లకి పళ్ళు జివ్వుమంటున్నాయట. లోపలికి రాకముందే దవడ పట్టుకుంటున్నారు."

"అయితే జలపాతం వేసుకోండి."

"జలపాతం చూస్తే బాత్రూముకి లేస్తారండీ. నాకున్నది ఒకటే బాత్రూము."

"పూలతోట?"

"పాత క్లినిక్‌లో అదే ఉండేది. నోరు తెరుచుకుని కూర్చుంటే తేనెటీగలు గుర్తొస్తున్నాయని ఒకావిడ రావడం మానేసింది."

పెదనాన్న కంప్యూటర్‌లో ఇంకా సీనరీలు వెతుకుతూ ఖాళీల ఫోల్డరు తెరిచాడు. తెర మీదికి కుర్చీ వచ్చింది.

"ఇదేంటండీ?" అన్నాడు డాక్టరు.

"ఖాళీ అండీ."

"కనపడుతోంది."

తర్వాత ఇంకో కుర్చీ వచ్చింది. తర్వాత నా పొగమంచు వచ్చింది. పెదనాన్న దాన్ని దాటించబోతే డాక్టరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అప్పటిదాకా నిలబడి ఉన్నవాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇదెక్కడ?"

పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఆయన రోజూ ఆ స్థలం పక్కనే నిలబడి పళ్ళు తోముకుంటాడు. "ఇది మన వైపు కాదండీ. బాగా దూరం" అన్నాడు.

నేను కౌంటరు వెనకే ఉన్నాను. చెప్పవలసిన మాట నోట్లో తయారుచేసుకున్నాను. అది తయారయ్యేసరికి వాళ్ళు సైజు గురించి మాట్లాడుకుంటున్నారు.

"ఇందులో ఏమీ జరగట్లేదు, చూశారా" అన్నాడు డాక్టరు. "నొప్పితో వచ్చినవాడికి కావలసింది అదే. ఇది ఇలాగే వేయించండి. సోమవారానికి గోడకి ఉండాలి."

అది నేను తీసిందని ఆయన వెళ్ళాక పెదనాన్నకి గుర్తొచ్చింది. "మాటల పుట్టా, నీ ఖాళీ అమ్ముడుపోయింది" అన్నాడు.

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యం రాశాను. అది ఆ గోడ మీద ఉండాలి. మళ్ళీ చదువుకుని, మధ్యలో ఒక మాట ఇరికించాను. అది అలాగే ఆ గోడ మీద ఉండాలి. ఎవరో తెలియనివాళ్ళు దవడ పట్టుకుని కూర్చుని నేను చూసింది చూస్తారు. నేను నోరు విప్పకుండానే వాళ్ళకి చెప్పినట్టవుతుంది. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

డాక్టరు వచ్చినప్పుడు పెద్దమ్మ బజారుకి వెళ్ళింది. "ఇలాగే" అన్న మాట విన్నది పెదనాన్నా నేనూ. పెదనాన్న మర్చిపోయాడు. నాకు గుర్తుంది, కానీ చెప్పాలంటే పెద్దమ్మ మాటల మధ్య సందు దొరకాలి.

"మా చెల్లెలి కూతురి మొదటి ఫోటో! ఊరంతా వచ్చే గోడ! ఒక్క మచ్చ కనపడితే నా పరువు పోతుంది" అని పెద్దమ్మ నడుం బిగించి కంప్యూటర్ ముందు కూర్చుంది. పెళ్ళి ఆల్బమ్ ఒకటి పక్కన పెట్టేసింది. టీ తీసుకెళ్తే చేత్తో తెర మూసేది. "అయ్యాక చూద్దువుగానిలే. దిష్టి పెట్టకు" అనేది. రెండు చేతులకీ తెరంతా మూతపడక వేళ్ళ సందుల్లోంచి నీలం రంగు కనపడేది. నా ఫోటోలో నీలం రంగు లేదు.

శనివారం పిలిచి చూపించింది.

పొగమంచు లేదు. లెన్సు మీద ఆవిరి పట్టిందనుకుని తుడిచేసింది. సాలెగూళ్ళు లేవు. "ఇంటి మూలల్లోనే ఉంచను, ఫోటోలో ఉంచుతానా?" అంది. పాచి లేదు. నీళ్ళు స్విమ్మింగ్ పూల్‌లో ఉన్నట్టున్నాయి. ఎండు పోచలు తీసేసి పచ్చవి అతికించింది. ఒకటే పోచ కావడంతో, ఎక్కడ చూసినా అదే పోచ అదే వైపుకి వంగి ఉంది. తీగ ఉన్నచోట ఆకాశం ఉంది.

"ఆ తీగ మీద దుమ్ము చుక్కలు ఎన్ననుకున్నావే? ఒక్కొక్కటీ ఏరేసరికి మెడ పట్టేసింది" అంది.

ఆ చుక్కలు పిట్టలు.

"ఎలా ఉంది?" అంది పెద్దమ్మ. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెడ ఒక పక్కకి వాలిపోయి ఉంది. అలా వాలిన మెడతోనే నా వైపు చూస్తోంది.

"బాగుంది" అన్నాను.

పిల్ల మాట్లాడిందని పెదనాన్న సంతోషించాడు.

కడిగాక పాతది ఉంచుకునే అలవాటు పెద్దమ్మకి లేదు. మచ్చలున్న మొహం దాచుకుని ఎవరేం చేసుకుంటారని ఆమె వాదన. కెమెరా కార్డు చెరిపి పెదనాన్న అప్పటికే దాని మీద ఎవరిదో పుట్టినరోజు తీశాడు. చుట్టిన చాపలాగా ప్రింటు వచ్చింది. నేనూ పెదనాన్నా చెరో కొసా పట్టుకుని వీధిలో మోసుకెళ్ళాం. పెద్దమ్మ ఇస్త్రీ బట్టలు కట్టుకుని ముందు నడిచింది.

క్లినిక్‌లో మంచుకొండని దించి గోడకి ఆనించారు. పెదనాన్న మా ప్రింటు విప్పి పైకెత్తి పట్టుకున్నాడు. డాక్టరు చేతులకి తొడుగులతోనే లోపలి గదిలోంచి వచ్చి చూశాడు.

"ఇది ఆ ఫోటోయేనా?"

"అదేనండీ. కడిగాం" అన్నాడు పెదనాన్న.

"ఎందుకు?"

ఇన్నేళ్ళలో పెదనాన్నని ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. ఆయన పెద్దమ్మ వైపు చూశాడు. డాక్టరు కూడా చూశాడు. పెద్దమ్మ వాలిన మెడతో నవ్వుతోంది.

"బాగుందండీ. చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు డాక్టరు, నొప్పి ఉండదని పేషెంటుకి చెప్పే గొంతుతో. "కానివ్వండి, బిగించేయండి."

పెదనాన్న మేకు తీసి పళ్ళ మధ్య పెట్టుకుని సుత్తి అందుకున్నాడు. బెంచీ మీద ఒకరి నోట్లో దూది ఉంది. ఒకరి చెంప వాచి ఉంది. ఒకావిడకి ఇంజెక్షన్ ఇచ్చి కూర్చోబెట్టారు, కింది పెదవి ఆవిడ మాట వినడం లేదు. ఆ గదిలో మాట్లాడగలిగి మాట్లాడనిదాన్ని నేనొక్కదాన్నే. ఆ మేకు దిగితే ఇక ఎవరూ ఆ పొగమంచుని చూడరు.

"పెద్దమ్మా, అవి దుమ్ము కాదు! పిట్టలు!" అన్నాను.

గొంతు ఎంత వాడాలో అలవాటు లేక బాగా పెద్దగా వచ్చింది. లోపలి కుర్చీలో ఉన్న పేషెంటు "ఆఁ?" అన్నాడు. ఆయన నోరు అంతకు ముందు నుంచీ తెరిచే ఉంది.

"ఏ పిట్టలే?" అంది పెద్దమ్మ.

"తీగ మీదవి. మసక కాదు, పొగమంచు. లెన్సు బానే ఉంది. డాక్టరు గారు ఇలాగే వేయించమన్నారు. అది దూరం కూడా కాదు, పెదనాన్నా. మన దొడ్డి వెనక."

పెదనాన్న నోట్లోంచి మేకు తీశాడు. "మన దొడ్డి వెనకా?"

"నేను నీళ్ళు పారబోసే చోటా?" అంది పెద్దమ్మ.

"ఆ నీళ్ళే అవి."

బెంచీ మీదివాళ్ళంతా ప్రింటు వదిలేసి మమ్మల్ని చూస్తున్నారు. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. "మరి బాగుందన్నావు?"

"అన్నాను."

"ఎందుకన్నావు?"

"నీ మెడ పట్టేసిందని."

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. వాలిన మెడతోనే ఇంటికి వెళ్ళిపోయింది. డాక్టరు నా వైపు తిరిగి, "మళ్ళీ తీయగలవా అమ్మా?" అన్నాడు.

"అది రాదు" అన్నాను. "ఇంకోటి వస్తుంది."

అప్పటిదాకా ఉండనిమ్మని మంచుకొండని మళ్ళీ తగిలించారు. మేము బయటికి వస్తుంటే చెంప వాచినాయన దాన్ని చూసి దవడ పట్టుకున్నాడు.

పెద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడని మనిషితో మాట్లాడకపోవడం శిక్షేమీ కాదని పెదనాన్న చెప్పి చూశాడు. "మీరు ఊరుకోండి. దొడ్డి గుర్తుపట్టలేని మనిషి మీరు" అంది. ఇంట్లో నాకు కావలసినంత నిశ్శబ్దం దొరికింది. ఎందుకో దాంట్లో ఇదివరకటి సుఖం లేదు. పొద్దున్నే వెళ్ళి నిలబడేదాన్ని. మంచు పట్టేది కాదు. తెల్లారేది, ఎండ వచ్చేది, అంతే. పిట్టలు ఒకరోజు వచ్చి ఒకరోజు వచ్చేవి కావు.

ఒక పొద్దున వెనక తలుపు చప్పుడైంది. పెద్దమ్మ తలకి మఫ్లరు కట్టుకుని, ఒక చేత్తో బకెట్టు, ఒక చేత్తో ముక్కాలి పీట పట్టుకుని వచ్చింది. పీట వేసుకుని కూర్చుంది.

"ఏవీ నీ పిట్టలు?"

"ఇంకా రాలేదు."

"ఎప్పుడొస్తాయి?"

"చెప్పలేదు."

పెద్దమ్మ గడ్డిని చూసింది. కడగవలసిన మొహాన్ని చూసినట్టే చూసింది. "ఆ ఎండు పోచ పీకేయనా? అడ్డంగా ఉంది."

"వద్దు."

"ఆ పాచి?"

"వద్దు."

"నీకు అన్నీ వద్దే" అని చేతులు మఫ్లరులో దాచుకుంది. కాసేపటికి, "ఆ పోచ ఎండింది కాదే. దాని రంగే అది" అంది. ఇంకాసేపటికి, "నీళ్ళ మీద నడుస్తోందేంటే ఆ పురుగు? మునగదా?" అంది. నేను జవాబు చెప్పేలోగా పిట్టలు వచ్చి తీగ మీద వాలాయి. పెద్దమ్మ పీట మీద నుంచి లేచి నిలబడింది.

"ఇంత చిన్నవా? మరి దుమ్మనుకోక ఏమనుకుంటారు!"

పొగమంచు లేదు. ఎండ అడ్డంగా పడి గడ్డి కొసలన్నీ వెలుగుతున్నాయి. కెమెరా ఎత్తి, పిట్టలు కుదురుకునేదాకా ఆగాను. పెద్దమ్మ వచ్చిన పని గుర్తొచ్చి, ఎప్పటిలాగే, బకెట్టు నీళ్ళు గోతిలో పారబోసింది.

ధభేలుమంది. నేను ఉలిక్కిపడి నొక్కాను.

కంప్యూటర్‌లో వేసి చూశాం. నీళ్ళ మీద వలయాలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోతున్నాయి. వాటిలో ఆకాశం ముక్కలుగా ఊగుతోంది. గడ్డి కదల్లేదు. పిట్టలు వెళ్ళిపోయిన తీగ మాత్రం వణుకుతూ మసగ్గా ఉంది. ఆ మసక మీద ఒక్క పిట్ట మిగిలింది.

"ఇది చెవిటిదేమో" అంది పెద్దమ్మ. మౌస్ మీద ఆమె చెయ్యి దానంతట అదే కదిలి ఆ చుక్క దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "దీన్ని ఎలా ఉన్నదాన్ని అలా పంపించండి" అని పెదనాన్నతో చెప్పి, పెళ్ళి ఆల్బమ్ ముందుకి లాక్కుంది.

డాక్టరు కొత్త ప్రింటు ముందు చాలాసేపు నిలబడ్డాడు. "పిట్ట ఒక్కటే ఉందేం?"

"మిగతావి ఉండలేదండీ" అన్నాను. నేనే అన్నాను.

మేకు దిగింది. జనం దవడ పట్టుకోవడం తగ్గిందని తర్వాత టోకెన్లిచ్చే అక్క చెప్పింది. టోకెన్ పిలిస్తే మాత్రం సగం మంది లేవడం లేదట.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఇప్పుడే వస్తానని వెళ్ళి భోజనాల వేళైనా రాలేదు. పెదనాన్న నన్ను పంపాడు. క్లినిక్ బయటి మెట్ల మీద చెంప పట్టుకుని కూర్చుని ఉంది. నోట్లో దూది ఉంది. ఏం జరిగిందో టోకెన్ల అక్క చెప్పింది. పెద్దమ్మ గోడ ఎదురుగా కూర్చుని బొమ్మ చూస్తోందట. అక్క వచ్చి చేతిలో టోకెన్ పెట్టిందట. బొమ్మ చూడటానికి వచ్చానని చెప్పడానికి మొహమాటపడి పెద్దమ్మ దాన్ని పుచ్చుకుందట. పిలిచినప్పుడు లేవకపోతే బాగుండదని లేచి లోపలికి వెళ్ళిందట. నోరు తెరిపించి చూస్తే వెనక దంతం నిజంగానే పుచ్చి ఉందట. పీకేశారు.

సాయంత్రం దాకా మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు.

ఇద్దరం వీధిలో నడిచాం. పెద్దమ్మ పక్కన ఉండగా వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. అందుకని నేను మాట్లాడాను. కోల్డ్ స్టోరేజీ గోడ వానకి తడిస్తే ఎన్ని రంగులు తేలతాయో చెప్పాను. తీగ మీద పిట్టలు ఒకదానికొకటి ఎంత దూరంలో కూర్చుంటాయో చెప్పాను. మా ఊళ్ళో గడ్డి గురించి చెప్పాను. పెద్దమ్మ ఊఁ అంది, ఊఁ అంది. ఇనప కొట్టు దగ్గరికి వచ్చాక ఊఁ అనడం ఆపి నిలబడిపోయింది.

వేలు పెట్టి కాలవ మూత వైపు చూపించింది. ఇనప జల్లెడ, దాని కింద మురుగు. నాకేమీ కనపడలేదు.

"ఏంటి పెద్దమ్మా?"

ఆమె రెండు చేతులతో నా తల పట్టుకుని కిందికి వంచి, కాస్త పక్కకి తిప్పింది. అప్పుడు కనపడింది. మురుగులో, జల్లెడ ఒక్కో కంతకీ ఒక్కో ముక్క ఆకాశం.